ఆహ్వానపత్రికలో నా పేరు పక్కన ‘వక్త’ అని వేసుకోవచ్చా?

ప్రశ్న: మాది మల్కాజిగిరి. మా కాలనీలో చిన్న గ్రంథాలయం ఉంది, నెలకో ఆదివారం సాయంత్రం ఏదో ఒక విషయం మీద సభ పెడుతుంటాం. వచ్చే సభలో ఇంకుడు గుంతల గురించి నేను మాట్లాడాలి, నాతోపాటు హైదరాబాద్ చెరువుల మీద ఒక రిటైర్డ్ లెక్చరర్ మేడమ్ మాట్లాడతారు. ఆహ్వానపత్రికలో ఇద్దరి పేర్ల పక్కనా ‘వక్త’ అని రాశాను. మా సంఘంలో ఒక పెద్దాయన చూసి, “నాలుగుసార్లు మైకు పట్టుకుంటే వక్త అయిపోతారా అమ్మా? ‘ప్రసంగించువారు’ అని మార్చు” అన్నారు. ఇంకొకాయన ‘వాగ్మి’ అని వేస్తే నిండుగా ఉంటుందన్నారు. ఆడవాళ్లు కాబట్టి ‘వక్తురాలు’ అనాలని మరొకరి మాట. మా అమ్మాయేమో “స్పీకర్ అని పెట్టేయ్ మమ్మీ, గొడవ వదిలిపోతుంది” అంటోంది. అసలు వక్త అంటే ఎవరండీ? నాలాంటివాళ్లు వేసుకోవచ్చా?

జవాబు: వేసుకోవచ్చండీ, నిస్సంకోచంగా వేసుకోండి. ముందు ఆ ఒక్క ముక్క చెప్పేస్తే మీ టెన్షన్ తగ్గుతుంది, కారణాలు తర్వాత తీరిగ్గా చూద్దాం.

మీ పెద్దాయన అలా అనడం వెనక ఒక నమ్మకం ఉంది. వక్త అనేది బిరుదులాంటిదని, సభను ఊపేసినవాళ్లకే అది దక్కాలని. చాలామంది అలాగే అనుకుంటారు, ఎందుకంటే మనకు ఆ మాట ఎక్కువగా వినపడేది ‘గొప్ప వక్త’, ‘మంచి వక్త’, ‘మహావక్త’ అన్నప్పుడే. కానీ కాస్త ఆలోచించండి, వక్త అన్న మాటలోనే గొప్పతనం ఉండి ఉంటే దాని ముందు మళ్లీ ‘గొప్ప’ తగిలించాల్సిన పనేముంది? చెప్పే మనిషి వక్త, అంతవరకే ఆ మాట హామీ ఇస్తుంది. బాగా చెప్పారా, చెడగొట్టారా అన్నది విన్నవాళ్లు తేల్చుకుంటారు.

పలకడం అనే అర్థమున్న ‘వచ్’ అనే సంస్కృత ధాతువు నుంచి వచ్చింది ఇది. మూలరూపం ‘వక్తృ’, తెలుగులోకి వచ్చేసరికి వక్త. చేసే మనిషి కర్త, వినే మనిషి శ్రోత, నడిపే మనిషి నేత, ఇచ్చే మనిషి దాత, చెప్పే మనిషి వక్త, అన్నీ ఒకే పద్ధతిలో తయారైన మాటలు. ఇందులో శ్రోతకు ఎవరూ అర్హత పెట్టరు కదా, రేడియో పెట్టుకుని కూర్చున్న ప్రతివాళ్లూ శ్రోతలే, మరి వక్తకు మాత్రం ఎందుకు పెట్టాలి?

పాత వాడుక చూసినా అంతే. భాగవతానికి శుకుడు వక్త, పరీక్షిత్తు శ్రోత. రామాయణంలో మారీచుడు రావణుడికి బుద్ధి చెబుతూ, ఎప్పుడూ తియ్యగా మాట్లాడేవాళ్లు సులువుగానే దొరుకుతారు, చెవికి ఇంపుగా లేకపోయినా మేలు చేసే మాట చెప్పే వక్తా దొరకడు, దాన్ని వినే శ్రోతా దొరకడు అంటాడు. అక్కడ వేదిక లేదు, దండలు లేవు, శాలువాలు లేవు, ఎదురెదురుగా ఇద్దరే మనుషులు. ఒకరు చెప్పాలి, ఒకరు వినాలి, అంతకుమించి ఆ మాట ఏమీ అడగడం లేదు.

అయితే మీ పెద్దాయన సంస్కృతం చదువుకున్నవారైతే ఒక సుభాషితం ఎదురు తీస్తారు, సిద్ధంగా ఉండండి. వందమందిలో ఒక శూరుడు, వేయిమందిలో ఒక పండితుడు, పదివేలమందిలో ఒక వక్త పుడతారు, దాత మాత్రం ఉంటాడో ఉండడో అని దాని భావం. ‘వక్తా దశసహస్రేషు’ అన్న ముక్క సభల్లో తరచూ వినపడుతుంది. అది ఆరితేరినవాళ్లను పొగిడే శ్లోకం, కాదనను. కానీ అదే శ్లోకం దాత అసలు పుట్టకపోవచ్చు అంటోంది కదా, మరి గుళ్లో పంకా ఇచ్చినవాళ్ల పేరు పక్కన ‘దాత’ అని రాసేటప్పుడు ఎవరూ ఆగి ఆలోచించరు. పంకాకు లేని అభ్యంతరం ఇంకుడు గుంతలకు ఎందుకని ఆయన్నే మెల్లగా అడగండి.

ఇక వాగ్మి. ఆ సలహా ఇచ్చినాయన మీ మీద గౌరవంతోనే ఇచ్చి ఉంటారు, కానీ ఆహ్వానపత్రికలో అది మాత్రం వద్దు. వాగ్మి అంటే మాట మీద పట్టున్న మనిషి, పొందికగా, ఎంత అవసరమో అంత, సూటిగా చెప్పగల మనిషి. ఇది మెచ్చుకోలు. మెచ్చుకోలు ఎదుటివాళ్ల నోట రావాలి, మన పేరు పక్కన మనం అచ్చు వేయించుకుంటే బాగుండదు. వక్తకూ వాగ్మికీ తేడా సరిగ్గా ఇక్కడే ఉంది, ఒకటి చేస్తున్న పని పేరు, రెండోది ఆ పని ఎలా చేశారో చూశాక దక్కే మాట. సంస్కృతానికి వ్యాకరణం రాసిన పాణిని ఈ మాటను ఎక్కడ పెట్టాడో చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. తన వ్యాకరణ గ్రంథం అష్టాధ్యాయి ఐదో అధ్యాయంలో ‘వాచో గ్మినిః’ అనే సూత్రంతో వాగ్మి అన్న మాటను సాధించి, ఆ వెంటనే వచ్చే సూత్రంలో ‘వాచాల’, ‘వాచాట’ అనే మాటలు ఇచ్చాడు. అవి అతిగా వాగే మనిషికి పెట్టిన పేర్లు. మూడింటికీ మూలం ‘వాక్కు’ ఒక్కటే, ప్రత్యయం మారేసరికి ఒకటి ప్రశంస అయింది, మిగతా రెండూ తిట్టుకు దగ్గరయ్యాయి. మన వాచాలుడు, వాచాలత్వం అక్కడివే. మీ సభ అయ్యాక వందన సమర్పణ చేసేవాళ్లు మిమ్మల్ని వాగ్మి అంటే సంతోషంగా పుచ్చుకోండి. పత్రికలో మాత్రం వక్త చాలు.

‘ప్రసంగించువారు’ అన్న సవరణలో తప్పు లేదుగానీ అది పాత కరపత్రాల భాష, ఇప్పుడు మీ కాలనీ పిల్లలు చదివితే బిగుసుకుపోయినట్టు ఉంటుంది. ప్రసంగం అన్న మాట మాత్రం నాకు ఇష్టం. సంస్కృతంలో దానికి సందర్భం, ఒకదాన్ని ఒకటి అంటిపెట్టుకుని ఉండటం లాంటి అర్థాలున్నాయి, తెలుగులో అది స్పీచ్ అయి కూర్చుంది. పాత అర్థం పూర్తిగా పోలేదు, అష్టావధానంలో ‘అప్రస్తుత ప్రసంగం’ అని ఒక అంశం ఉంటుంది చూడండి, అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడానికి సంబంధం లేని ముచ్చట్లు తెచ్చే పృచ్ఛకుడి పని అది. పిల్లల్ని కసిరేటప్పుడు అనే ‘అధిక ప్రసంగం’ కూడా ఆ బాపతే. ప్రసంగీకుడు అనే మాటా ఉంది, అది చర్చిల్లో బాగా వాడుకలో ఉంది, తెలుగు బైబిల్లో ఒక గ్రంథం పేరే ‘ప్రసంగి’. అందుకని కాలనీ సభలో ప్రసంగీకులు అని వేస్తే కొందరు దాన్ని ప్రార్థన కూడిక అనుకునే వీలుంది. గవర్నర్ ప్రసంగం, బడ్జెట్ ప్రసంగం అంటాం, ‘బడ్జెట్ ఉపన్యాసం’ అని ఎవరూ అనరు, వాడుక అలా స్థిరపడిపోయింది.

ఉపన్యాసం అంటే సిద్ధమై వచ్చి, ఒక విషయాన్ని పట్టుకుని, కొంత నిడివితో చెప్పేది. స్మారకోపన్యాసం, కీలకోపన్యాసం, అధ్యక్షోపన్యాసం, స్వాగతోపన్యాసం, ఇలా సభలో పనులకు పేర్లన్నీ దాని మీదే కట్టుకున్నాం. కానీ మనిషిని ‘ఉపన్యాసకులు’ అంటే చాలామందికి మొదట తట్టేది కాలేజీ లెక్చరరే. మీ సభలో రెండో ఆవిడ నిజంగానే రిటైర్డ్ లెక్చరర్ కాబట్టి ఆవిడకు ఉపన్యాసకురాలు అని, మీకు వక్త అని వేస్తే అది ఉద్యోగమా, సభలో పాత్రా అన్నది తేలక చదివేవాళ్లు తికమక పడతారు. ఇద్దరికీ వక్త అనే వేసి, ఆవిడ పేరు కింద విశ్రాంత అధ్యాపకురాలు అని చిన్న అక్షరాల్లో వేయండి.

మన ఊరు సంగతి కూడా ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. మల్కాజిగిరిలో హిందీ చదివే కుటుంబాలు చాలా ఉంటాయి, ఆహ్వానాన్ని వాట్సాప్‌లో హిందీలో కూడా పంపే ఉద్దేశం ఉంటే జాగ్రత్త. హిందీలో ఉపన్యాస్ అంటే నవల, ఉపన్యాస్‌కార్ అంటే నవలా రచయిత. మనకు వ్యాఖ్యానం అంటే వివరణ, క్రికెట్ కామెంటరీ, టీవీలో కార్యక్రమం నడిపేవాళ్లు వ్యాఖ్యాతలు, వాళ్లకు వ్యాఖ్యాన్ అంటే లెక్చర్. వీటన్నిటికన్నా ప్రమాదమైనది ప్రవక్త. హిందీలో ప్రవక్తా అంటే పార్టీల తరఫునో ప్రభుత్వం తరఫునో మాట్లాడే మనిషి, కాలేజీ లెక్చరర్‌ని కూడా అలాగే అంటారు. తెలుగులో ప్రవక్త అంటే దేవుడి మాటను జనానికి చేరవేసిన మహనీయుడు, మహమ్మద్ ప్రవక్త అంటామే అది. హిందీ ప్రకటనను హడావిడిగా తెలుగు చేసేటప్పుడు ‘పార్టీ ప్రవక్త’ అని రాస్తే ఎంత అపచారంగా ఉంటుందో చెప్పక్కర్లేదు, అక్కడ ‘అధికార ప్రతినిధి’ అనాలి. వక్త ఒక్కటి మాత్రం రెండు భాషల్లోనూ ఒకే అర్థంతో నిలబడింది, వాళ్లు వక్తా అని దీర్ఘం తీస్తారు, అంతే. మీరు ఆ మాట ఎంచుకోవడం ఆ రకంగా కూడా మంచిదైంది.

వక్తురాలు అనకండి. ఉపన్యాసకుడు, అధ్యాపకుడు లాంటి డు చివర వచ్చే మాటలకు ఉపన్యాసకురాలు, అధ్యాపకురాలు వస్తాయి. వక్త, నేత, దాత, శ్రోతలకు డు లేదు కాబట్టి రాలు తగిలించే పనీ లేదు, “ఆమె మంచి వక్త” అంటే చక్కటి తెలుగు. సంస్కృత వ్యాకరణం ప్రకారం స్త్రీకి ‘వక్త్రి’ అనే రూపం ఉంది, కానీ తెలుగులో అది వాడుకలోకి రాలేదు, చదివినవాళ్లు అచ్చుతప్పు అనుకుంటారు. ‘మహిళా వక్త’ కూడా అక్కర్లేదని నా అభిప్రాయం, మగవాళ్లకు పురుష వక్త అని వేయనప్పుడు మీకెందుకు ఆ తోక?

దీన్నుంచే ఇంకో చిక్కు వస్తుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. గౌరవం కోసం మనం ఒక్క మనిషినే అధ్యక్షులు, ఉపన్యాసకులు అని బహువచనంలో అంటాం, ఎవరికీ అనుమానం రాదు. అదే అలవాటుతో ఒక్కరి పేరు పక్కన ‘ముఖ్య వక్తలు’ అని వేస్తే మాత్రం మిగతావాళ్ల పేర్లేవీ అని వెతుక్కుంటారు. ఒక్కరైతే వక్త, ఇద్దరైతేనే వక్తలు. గౌరవం సంగతి పేరు చివర ‘గారు’ చూసుకుంటుంది.

స్పీకర్ అన్నది మీ అమ్మాయి తరానికి సహజమైన మాటే, మాట్లాడేటప్పుడు అనుకోవడంలో ఇబ్బంది లేదు. అచ్చులో పెడితే మాత్రం తెలుగు పాఠకుడికి ముందుగా శాసనసభ స్పీకరే గుర్తొస్తారు, సభ్యులు “అధ్యక్షా” అని పిలిచే సభాపతి. తర్వాత మైకు సెట్ పెట్టెలు గుర్తొస్తాయి. మోటివేషనల్ స్పీకర్ లాంటి జంటల్లో అది బాగానే అతుకుతుంది, ఒంటరిగా వేస్తే అతకదు.

ఇంగ్లిష్‌లో ‘స్పీకర్’ ఉన్నచోటల్లా తెలుగులో వక్త పెట్టేయడం కూడా ఈమధ్య ఎక్కువైంది, మెషీన్ అనువాదాల పుణ్యమా అని. 2011 జనాభా లెక్కల్లో తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 8 కోట్ల 11 లక్షల పైచిలుకు, వాళ్లను ‘తెలుగు వక్తలు’ అంటే ఎనిమిది కోట్లమంది సభల్లో మాట్లాడుతున్నారని అర్థం వస్తుంది. తెలుగు మాట్లాడేవాళ్లు అంటే సరిపోయేదానికి ఆ కష్టం ఎందుకో నాకు అర్థం కాదు. వక్త అనాలంటే విషయం ఉండాలి, దాన్ని వినడానికి వచ్చి కూర్చున్న నలుగురు ఉండాలి.

తెలుగులో వక్తగా నిలబడటం హైదరాబాద్‌లో ఒకప్పుడు ఇంత తేలిగ్గా ఉండేది కాదు, అది మీలాంటివాళ్లకు తెలియాలని నాకు గట్టిగా ఉంటుంది. 1921 నవంబరులో వివేకవర్ధని థియేటర్‌లో సంఘ సంస్కరణ మహాసభ జరిగింది, సంఘ సంస్కర్త మహర్షి కార్వే అధ్యక్షులు. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లిష్ ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మొదలుపెట్టగానే సభలో ఈలలు, గోల, ఆయన్ని మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం తట్టుకోలేక తెలుగువాళ్లు కూడి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు, తర్వాత నిజాం రాష్ట్రంలో తెలుగు గ్రంథాలయాలకు, సభలకు, చివరికి ఆంధ్ర మహాసభకు దారి వేసింది అదే. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లోనే వెలిసింది, తెలుగు చదువుకోవడానికి చోటు అప్పటికే ఉంది. పదిమందిలో లేచి తెలుగులో మాట్లాడే చోటు కోసం మాత్రం ఇంకా పెనుగులాడాల్సి వచ్చింది. ఆ రోజు వెంకటరామారావు గారు ధారాళంగా చెప్పగలిగారా, తడబడ్డారా అని ఎవరూ లెక్కలు వేయలేదు. సభలో తెలుగులో చెప్పడానికి లేచారు, అందుకే ఆయన పేరు చరిత్రలో ఉంది. మీ పెద్దాయనకు మిగతా వ్యాకరణమంతా చెప్పకపోయినా ఇదొక్కటి చెప్పండి.

సభ మర్యాద ఒకటి కూడా చూసుకోండి. ముఖ్య అతిథి వేరు, ప్రధాన వక్త వేరు. అతిథి సభకు గౌరవం కోసం వస్తారు, నాలుగు మంచి మాటలు చెప్పి కూర్చోవచ్చు, విషయం భారం ఆయన మీద ఉండదు. ఆ భారం వక్తది. చాలా సభల్లో అతిథులు, విశిష్ట అతిథులు, ఆత్మీయ అతిథులు అంటూ వరసగా మాట్లాడాక వక్త చేతికి మైకు వచ్చేసరికి జనం టైము చూసుకుంటుంటారు, సిటీ బస్సు దొరకదని కొందరు లేచి వెళ్లిపోతారు. మీది చిన్న సభ కాబట్టి ఆ వరస మీరే తిరగేయండి, స్వాగతం అవగానే వక్తలు, ఆ తర్వాతే అతిథులు. ఇద్దరు వక్తలే కాబట్టి ప్రధాన వక్త అని ఒకరిని వేరు చేయనక్కర్లేదు.

చివరగా, అచ్చుకు పంపేముందు ‘వక్తృత్వం’ స్పెల్లింగ్ చూసుకోండి, పిల్లలకు పోటీలు పెట్టేటప్పుడు మీకు అది కావాల్సి వస్తుంది. మూలం వక్తృ, దానికి త్వం చేరింది, కర్తృత్వం, నేతృత్వం లాగే. ‘వకృత్వం’ అని రాస్తే త ఎగిరిపోయినట్టు, ‘వ్యక్తృత్వం’ అని రాస్తే అది ఏ మాటా కాదు, వ్యక్తిత్వం పూర్తిగా వేరే మాట. అలాగే మీ పరిచయంలో “అనర్గళంగా మాట్లాడతారు” అని ఎవరైనా రాస్తే అది గ, ఘ కాదు. అర్గళం అంటే తలుపు గడియ, గడియ లేకుండా సాగే మాట అనర్గళం.

పత్రికలో ఇలా వేస్తే సరిపోతుంది: ముందు ‘వక్తలు’ అని ఒక్కసారి, దాని కింద మేడమ్ పేరు, గారు, పక్కన ‘హైదరాబాద్ చెరువులు’, తర్వాత మీ పేరు, పక్కన ‘ఇంటింటికీ ఇంకుడు గుంత’. మీ పేరుకు మీరే గారు పెట్టుకోవాలా అని మళ్లీ సందేహం వస్తుందేమో, ఆహ్వానం పంపేది సంఘం కాబట్టి సంఘం తరఫున గారు ఉండొచ్చు. కింద సంతకంలో మాత్రం ఉత్త పేరు చాలు.